పుల్ల మీద మూడో గీత

మామ ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు. నేను జనగామలో స్పేర్‌పార్టుల దుకాణం కౌంటర్ వెనక నిలబడి, ఒక చెవితో ఫోనునీ ఇంకో చెవితో బ్రేకు లైనర్లు అడుగుతున్న గిరాకీనీ వింటున్నాను. ఫోన్‌లో టకటకటకటక. నడుమ ఎక్కడో ఒక ‘డబ్’. మళ్లీ టకటక. అర నిమిషం తర్వాత మామ గొంతు వచ్చింది.

“ఇన్నవా?”

“ఇన్న.”

“ఏమనిపిచ్చింది?”

“ఇంజన్ అనిపిచ్చింది మామా.”

“లోపట ఒకటి కొడ్తాంది చూడు. మల్ల ఇను.”

ఈసారి నాకూ స్పష్టంగానే వినిపించింది. కానీ ఒప్పుకుంటే సెలవు పెట్టాల్సి వస్తుంది. “సిగ్నల్ కావచ్చు మామా. గోదావరి ఒడ్డున సిగ్నల్ గట్లనే డబ్బుడబ్బున అత్తది” అన్నాను. మామ నవ్వలేదు. నా పనికిమాలిన మాటలకు కూడా నవ్వే మనిషి ఆయన. మామ నవ్వకపోవడం మొదటి లక్షణం. ఇంజన్‌లో రోగం ఆ తర్వాత కనిపించింది.

మా ఇంటివరకు నేను డీజిల్ మెకానిక్‌ని. ఐటీఐ సర్టిఫికెట్ ఉంది. చదివినన్ని రోజులూ మా షెడ్డులో ఉన్నది ఒకటే ఇంజన్. దాన్ని అడ్డంగా కోసి, లోపలి భాగాలకు ఎరుపు, పసుపు, నీలం రంగులు వేసి బల్ల మీద కూర్చోబెట్టారు. అది తిరగదు, వేడెక్కదు, పొగ వదలదు. అంత మర్యాదస్తురాలైన ఇంజన్‌ని చూసి వచ్చినవాణ్ని కాబట్టి నాకు ఇంజన్లంటే భయం లేదు. తెలియనివాటి గురించి గట్టిగా మాట్లాడే ధైర్యం కూడా ఆ సర్టిఫికెట్‌తోనే వచ్చింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయన ఇంజన్ నాకంటే వయసులో పెద్దది, ఇంట్లో గౌరవంలో కూడా. మరిపెడ దగ్గర బావి మీద నీళ్లు తోడడానికి మా తాత కొన్నాడు. తర్వాత అన్నదమ్ముల పంపకాల్లో పెద్దమామకు బావి, చిన్నమామకు బావి మీది ఇంజన్ వచ్చాయి. నీళ్లు ఎవరికీ రాలేదు, బావి అప్పటికే ఎండింది. చిన్నమామ గోదావరి ఒడ్డు పిల్లను చేసుకుని ఇల్లరికం పోయాడు. పెళ్లికొడుకుతో పాటు ట్రాలీలో ఇంజన్ కూడా దిగిందట. అత్త తండ్రి పడవ నడిపేవాడు. ఆయన ముందు ఇంజన్‌ని చుట్టూ తిరిగి చూసి, తర్వాత అల్లుణ్ని కూర్చోమన్నాడని ఇప్పటికీ చెబుతారు. బావి ఇంజన్‌ని పడవకు బిగించారు. ఆ పెద్దాయన పోయాక పడవ, రేవు, ఇంజన్ మొత్తం మామవి అయ్యాయి.

శనివారం మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్‌లో పొద్దుటి బస్సెక్కాను. భూపాలపల్లి దాటి, మహదేవపూర్ దాటి, రోడ్డుకు ఇక ముందుకు పోవడానికి చోటు లేనిచోట మామ ఊరు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. చేన్లకు ఆ సంగతి తెలియదు గనుక ఈ ఊరి ఆడవాళ్లు పదిపన్నెండు మంది అక్కడ కౌలుకు తీసుకుని పత్తి వేస్తారు. వంతెన మీదుగా పోతే ఆటో దిగేసరికి సగం పొద్దు పోతుంది. మామ పడవలో అయితే బీడీ కాలేలోపు అవతల ఉంటారు. ఆ పదిపన్నెండు మందిలో మా అత్త ఒకతె.

ఆ సాయంత్రం అత్త మేకల కొట్టం తలుపు వేస్తూ నన్ను చూసి, “అచ్చిండు ఇంజనీరు” అంది. తలుపుకు గొళ్లెం లేదు. రెండు కొంకుల్లో ఒక సన్నటి ఇనుప కమ్మీ దూర్చింది, అంతే.

“ఇంజన్ ఏమంటాంది అత్తా?”

“నాతోని ఏమనది. మీ మామతోనే మాట్లాడ్తది. నాకు ఇనవడేది ఒక్కటే. లోపట్నుంచి ఎవడో తలుపు కొట్టినట్టు.”

“తీస్తే సరిపాయె.”

“తీసినంక ఎవడు బయటికొస్తడో నువ్వు చెప్తవా?”

మాటకు మాట వేయడంలో మా అత్తతో గెలిచినవాళ్లు లేరు. నేను లోపలికి పోయి అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున రేవులో ఆడవాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. రోహిణి కార్తె చివర. నేల ఇంకా తడవలేదు. ఎగువన ఎక్కడో పడ్డట్టుంది, నీళ్ల అంచున గోధుమరంగు నురగ పేరుకుని కదలకుండా ఉంది. ప్రతి మనిషి చేతిలో సద్దిమూట, కొడవలి, ఒక ఖాళీ ప్లాస్టిక్ క్యాను. ఐదు లీటర్లదీ, పది లీటర్లదీ, నూనెదీ, మందుదీ, మూత గట్టిగా బిగించి ఉన్నది.

“ఇవ్వెందుకక్కా?” అని ముందున్నామెను అడిగాను.

“నీళ్లకు.”

“నది మీద పోవుకుంట నీళ్లకు ఖాళీ క్యాన్లా?”

ఆమె నవ్వింది. పక్కామె తన క్యాను మూతను ఇంకొకసారి తిప్పి చూసుకుంది. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చినప్పుడు కూడా చూశాను. క్యాన్లు ఖాళీగానే పోయాయి, ఖాళీగానే వచ్చాయి. పోయిన నెలదాకా ఎవరూ తెచ్చేవాళ్లు కాదని తర్వాత తెలిసింది. మామతో ఎవరూ ఏమీ అనలేదు, మామ ఎవరినీ అడగలేదు. నీళ్లకు అన్నారు, అయిపోయింది.

పడవ ముక్కు ఇసుక మీదికి లాగి ఉంది, వెనక భాగం నీళ్లలో. మామ రోజూ చేసే పనే చేశాడు. ఇంజన్ వెనకవైపు నుంచి ఆయిల్ చూసే పుల్లను గుంజి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి, తీసి చూశాడు. మిలమిల మెరిసే పుల్ల. పోయిన దసరాకు నేనే తెచ్చాను. పండక్కి అత్తకు చీర తెచ్చే అల్లుళ్లుంటారు, నేను ఇంజన్‌కి పుల్ల తెచ్చాను. పాతది వంకరపోయి, గీతలు పడి, తుప్పు పట్టి చూడటానికి అసహ్యంగా ఉండేది. మా దుకాణంలో సరిగ్గా అదే కొలతది, కంపెనీ గీతలు రెండు చక్కగా కొట్టి ఉన్నది దొరికింది. కింది గీత తక్కువకు, మీది గీత నిండుకు.

“ఫుల్లున్నది” అన్నాడు మామ నాకు చూపించి. మీది గీత దాకా తడి ఉంది.

హ్యాండిల్ తిప్పాడు. నల్లపొగ ఒకటి ఉమ్మి, ఇంజన్ అందుకుంది. ఒడ్డు వదిలి పది బారలు పోయామో లేదో మామ తన కర్రను నా చేతికిచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుని అరిగి నున్నబడిన టేకుకర్ర. డాక్టరుకు మెడలో ఉండేది మామకు చేతిలో ఉంటుంది. ఒక కొస ఇంజన్ ఒంటికి ఆనించి, ఇంకో కొస చెవికి పెట్టుకున్నాను.

అత్త చెప్పింది నిజమే. గట్టిగా కొట్టడం కాదు. ఇంట్లోవాళ్లు పడుకున్నారని తెలిసిన మనిషి, అయినా లేపక తప్పనివాడు, కొట్టినట్టు కొడుతోంది. మామ వేగం తగ్గిస్తే ఆగుతుంది. పెంచితే మళ్లీ మొదలు. కర్ర తీసేశాక కూడా నాకు వినిపిస్తూనే ఉంది.

నది నడుమకు వచ్చేదాకా ఆడవాళ్లు ఎవరి కోడలు ఎవరిని తిట్టిందో చెప్పుకుంటున్నారు. ఒకచోట మాటలు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు. దిగువన, మనిషి కేకేస్తే వినిపించేంత దూరంలో, నీళ్లలోంచి నల్లటి బండల వీపులు కనిపిస్తున్నాయి. వాటి మధ్య నీళ్లు తెల్లగా విరుగుతున్నాయి. ఇంజన్ ఇక్కడ ఆగితే పడవ ఎటు పోతుందో చెప్పడానికి ఐటీఐ అక్కర్లేదు. అందరి చేతులూ క్యాన్ల పిడుల మీద ఉన్నాయి. మూత బిగించిన ఖాళీ క్యాను నీళ్లలో మునగదు. ఆ చోటు దాటాక ఎవరో “గప్పుడు అత్త ఏమన్నది?” అని అడిగారు, కథ ఆగినచోటే మళ్లీ అందుకుంది.

“ఇంక వాన పడలే, నీళ్లు రాలే” అన్నాడు మామ అవతలి ఒడ్డున. “వారం, పది రోజులల్ల బండలు మునుగుతయి.”

“మునిగితే మంచిదే గద మామా, తగలయి.”

“కనవడయి” అన్నాడు మామ.

ఆ మధ్యాహ్నం ఇంటి అరుగు మీద పంచాయితీ కూర్చుంది. పాత ఇంజన్‌ని బాగుచేయించాలా, తీసేసి కొత్తది పెట్టాలా అన్నది ప్రశ్న. అత్త కొత్తదానివైపు. నేనూ కొత్తదానివైపే. నా ఫోన్‌లో ఫొటోలు కూడా ఉన్నాయి. పాతదాంట్లో మూడో వంతు బరువు, బటన్ నొక్కితే స్టార్టు.

“నీకేమెరుక” అన్నాడు మామ. “గిది మా నాయిన కొన్నది. నా వంతుకు అచ్చింది గిదొక్కటే.”

“నా వంతుకు అచ్చింది నువ్వొక్కనివే” అంది అత్త. “నువ్వు మునుగుతే నాకు ఇంజన్ మిగుల్తదా?”

“మంచిగ చేయిస్త.”

“రోజు పన్నెండు మందిమి కూసుంటున్నం దాంట్ల. నీ నాయిన మీది ప్రేమ కోసమని మేం కూసోవాల్నా?”

మామ నావైపు చూశాడు. నన్ను పిలిపించిందే ఈ చూపు కోసం. నేను గొంతు సవరించుకుని, సర్టిఫికెట్ ఉన్నవాడి గొంతుతో చెప్పాను. “మామా, ఇనుముకు గూడ ఆయువు ఉంటది. ఇది అయిపోయింది. దండేసి పక్కన పెడదాం.”

దండ మాట అనకుండా ఉండాల్సింది. మామ లేచి పోయి మేకలకు ఆకేశాడు. చాలాసేపటికి వచ్చి, ఒక్క షరతు పెట్టాడు. బావి మీద ఉన్నప్పటి నుంచి ఈ ఇంజన్‌ని చూసిన మిస్త్రి మానుకోటలో ఉన్నాడు. ఆయన ఒకసారి విప్పి చూడాలి. పనికిరాదని ఆయన నోటితో అంటే, కొత్తదే.

మర్నాడు ఇంజన్‌ని విప్పి ట్రాలీ ఆటోలో ఎక్కించాం. ఆరుగురం మోశాం. రేవులో ఆడవాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు. శవాన్ని లేపుతున్నప్పుడు కూడా ఇంతకంటే ఎక్కువ సలహాలు వస్తాయి. ఆ పొద్దున్నుంచి వాళ్లకు వంతెన దారే. అత్త బయల్దేరేముందు, “ముంగల కురవికి పోయి కొబ్బరికాయ కొట్టుండ్రి” అంది. కొట్టాం. కోరమీసాల దేవుడి ముందు మామ కళ్లు మూసుకుని ఎంతసేపు నిలబడ్డాడంటే, వెనకున్న ముసలామె నన్ను పొడిచి “ఎవలికి బాగలేదు బిడ్డా?” అని అడిగింది. “ఇంజన్‌కు అవ్వా” అన్నాను. “మంచిగైతదిలే” అంది పాపం ఆమె.

మిస్త్రి దుకాణం మానుకోటలోకి పోయే రోడ్డు మీదే. తెల్లగడ్డం, నూనె మరకల పైజామా, ఎడమచేతికి బొటనవేలు సగం. మామను చూసి కాదు, ఇంజన్‌ని చూసి లేచాడు.

“అరె, గిదింక బతికే ఉన్నదా?”

“నేను గూడ బతికే ఉన్న మిస్త్రి సాబ్” అన్నాడు మామ.

పక్కమూత విప్పి మిస్త్రి చెయ్యి లోపలికి పెట్టాడు. చాలాసేపు చేతితోనే చూశాడు, కళ్లు రోడ్డు మీద పెట్టి. తర్వాత రాడ్డుకు కింద ఉండే బేరింగును తీసి నా అరచేతిలో పెట్టాడు. నున్నగా అద్దంలా ఉండాల్సిన లోహం, ఎండిన చెరువు అడుగులా గీరుకుపోయి ఉంది. ఒకచోట పొర లేచి, వేలితో తాకితే ఊడి వచ్చింది.

“చదువుకున్నవు గద బేటా. ఏమైందిది?”

మా షెడ్డు ఇంజన్‌లో ఈ భాగానికి పసుపురంగు వేశారు. నాకు తెలిసింది అంతవరకే. “అరిగింది” అన్నాను.

“అరిగితే నున్నగ అరుగుతది. గిది దూప తోని పోయింది. ఆయిల్ అందలే దీనికి.”

“రోజు చూస్త మిస్త్రి సాబ్” అన్నాడు మామ, చిన్నపిల్లాడిలా. “ఒక్కనాడు తప్పలే. ఫుల్లుంటది.”

“యాడ చూస్తవు?”

“రేవుల. పొద్దుగాల, మంది ఎక్కకముందు.”

“పడవ ఎట్లుంటది గప్పుడు?”

మామ చేత్తో చూపించాడు. ముక్కు పైకి, వెనక కిందికి.

మిస్త్రి లేచాడు. అడ్డంగా కోసిన ఆయిల్ డబ్బా ఒకటి తీసి నేల మీద పెట్టి, దాంట్లో వేలెడు లోతు కాలిన ఆయిల్ పోశాడు. ముందువైపు కింద ఒక చెక్కముక్క దూర్చాడు. ఆయిల్ అంతా వెనక్కి చేరింది. వెనక మూలన నేను తెచ్చిన మెరిసే పుల్లను నిలువుగా ముంచి తీశాడు. మీది గీత దాకా తడి. ఫుల్లు. తర్వాత చెక్క తీసేశాడు. డబ్బా సాపుగా కూర్చుంది. పుల్ల తుడిచి మళ్లీ ముంచాడు. ఈసారి కింది గీత కూడా తడవలేదు.

ముగ్గురం ఆ పుల్లవైపు చూస్తూ ఉన్నాం. రోడ్డు మీద మిర్చి లారీ ఒకటి పోయింది, ఘాటుకు ఎవరూ తుమ్మలేదు.

“ఒడ్డు మీద నిండ కనవడ్తది. నీళ్ల మీద సాపుగైనంక అడుగుకు పోతది” అన్నాడు మిస్త్రి. “ఇన్నేండ్లు ఎట్ల నడిచిందిది? పాత పుల్ల యాడున్నది?”

నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. పాత పుల్ల మీద రెండు కాదు, మూడు గీతలుండేవి. కంపెనీ గీతలు రెండు. వాటికి రెండు వేళ్ల పైన, ఎవరో ఆకురాయితో వంకరగా గీసిన మూడోది. దసరానాడు కొత్త పుల్ల దించుతూ మామ నన్ను అడిగాడు కూడా, “మేం పై గీతదాక పోసెటోళ్లం, దీని మీద లేదేంది?” అని. నేను చెప్పిన జవాబు మాటకు మాట గుర్తుంది. “కంపెనీ గీత ముఖ్యం మామా. అంతకు మించి పోస్తే పొగొస్తది. గది ఎవడో చదువురానోడు గీకింది.”

మామకు చదువుకున్న అల్లుడి మాట వేదం. ఆ రోజు నుంచి కంపెనీ గీత దాకానే పోశాడు.

“పాతది యాడనో పోయింది మిస్త్రి సాబ్” అన్నాడు మామ. “కొత్తది నేనే కొన్న.”

నావైపు చూడకుండా అన్నాడు. అన్నిటికీ ఏదో ఒకటి అనే నేను అప్పుడు నోరు తెరవలేదు. నా చేతిలో బేరింగు ఇంకా ఉంది. దసరా నుంచి ఇప్పటికి ఎనిమిది నెలలు. రోజుకు రెండుసార్లు, పన్నెండు మంది. లెక్కపెట్టడం మొదలుపెట్టి బండల దగ్గర ఆపేశాను.

“కొత్త ఇంజన్ పెడదామనుకున్నం” అన్నాడు మామ.

“పెడ్తే గిన్ని నెలలు ఆగకపోతుండె. పాత ఇనుము గనుక కొట్టి చెప్పింది. కొత్తయి చెప్పయి. నడినీళ్లల్ల పట్టేసుకుంటయి.” మిస్త్రి పుల్లను గుడ్డతో తుడిచి నాకే ఇచ్చాడు. ఎవరు తెచ్చారో ఆయనకు అర్థమైందనుకుంటాను. “చేస్త. షాఫ్టు సాన పట్టాలె, బేరింగు కొత్తది ఏస్త. కాని జబాన్ ఇయ్యలేను, గ్యారంటీ లేదు. నాలుగు రోజులు ఖాళీ పడవతోని నిమ్మలంగ తిప్పు. ఒక్క మనిషిని ఎక్కియ్యకు. మల్ల కొట్టిందంటే, నా దగ్గరికి తేకు.”

మూడో రోజు సాయంత్రానికి ఇంజన్‌తో ఊరు చేరాం. పరకాల దాటాక పడమర నల్లబడింది, చినుకులు మొదలయ్యాయి. మామ ఇంజన్ మీద పరదా కప్పి దాని పక్కనే కూర్చున్నాడు, తను తడుస్తూ.

అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. “ఏమన్నడు?”

“ఆయిల్ పుల్ల” అని మొదలుపెట్టాడు మామ. “పాతది నేనే యాడనో...”

“నేను” అన్నాను. “కొత్తది నేను తెచ్చిన. పాతదాని మీది గీత తప్పని చెప్పింది గూడ నేనే. మామ అడిగిండు, నేనే వద్దన్న. ఆయిల్ తక్కువై కొడ్తాంది.”

ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నడుమ ఒక్క జోకు కూడా పడలేదు. అత్త నా మొహం చూసింది, మామ మొహం చూసింది. లోపలికి పోయింది. మేకల కొట్టం దగ్గర చప్పుడైంది, రెండు మేకపిల్లలు బయటికి ఉరికాయి. అత్త ఆ సన్నటి ఇనుప కమ్మీ తెచ్చి నా ముందు పెట్టింది.

“పొయ్యిల ఏద్దామనుకున్న. ఇనుము కాలదని తలుపుకు పెట్టిన.”

వంకరపోయి, తుప్పు పట్టి, మేక వాసన కొడుతూ అదే పుల్ల. బొటనవేలితో తడిమితే మూడో గీత దొరికింది. కంపెనీవాటికంటే లోతుగా ఉంది.

“గిది మా బాపు గీసిండు” అంది అత్త. “నాకు యాదికున్నది. నడి గోదాట్ల పడవ ఆపి, మమ్ముల ఎనిమిది మందిని కదలకుండ కూసోవెట్టిండు. ఊపిరి గూడ మెల్లగ తీసుకోమన్నడు. ఆయిల్ పోసుకుంట పుల్ల ముంచుకుంట చూసిండు. మల్ల ఒడ్డుకచ్చి, ముక్కు ఇసుకల పెట్టి, పుల్ల ముంచి, తడి యాడిదాక ఉన్నదో గాడ గీసిండు.”

“ఎందుకని చెప్పలేదా?”

“ఎవ్వలడిగిన్రు? గీతదాక పొయ్యమన్నడు, పోసిన్రు.”

చదువురానోడు అన్న మాట నేను ఆమె ముందు అనలేదు. అనకపోయినా ఆ గుమ్మంలో అది ఉంది.

మిస్త్రి చెప్పినట్టు మామ ఖాళీ పడవను తిప్పాడు. నేను జనగామకు ఫోన్ చేసి జ్వరం అన్నాను. మామ వెనక, నేను ముందు, నడుమ ఎవరూ లేరు. రోజుకు మూరెడు చొప్పున నది పెరిగింది, ఎర్రబడింది. మొదటిరోజు బండల వీపులు కనిపించాయి, మూడోరోజు వాటి మీద నీళ్లు మడతపడటం మాత్రమే. కర్ర చెవికి పెట్టుకుని పెట్టుకుని నా చెవి ఎర్రబడింది. దెబ్బ వినిపించలేదు. వినిపించకపోతే నమ్మకం రావాలి గదా. నాకు మాత్రం ఇంకొంచెం శ్రద్ధగా వినాలనిపించేది.

మూడోరాత్రి అవతల వాన దంచి కొట్టింది. నాలుగోరోజు పొద్దున ఆడవాళ్లందరూ విత్తనాల సంచులతో రేవుకు వచ్చేశారు. నేలకొచ్చిన ఈ పదును పోతే మళ్లీ ఎప్పుడో. వంతెన దారిలో పోయేసరికి కూలోళ్లు దొరకరు.

“మూడొద్దులు తిప్పినవ్ గద అన్నా, ఇంకేంది?” అంది ఒకామె.

“నాలుగన్నడు మిస్త్రి.”

“మిస్త్రి అచ్చి మా పత్తి పెడ్తడా?”

మామ నావైపు చూశాడు. అరుగు మీద చూసిన చూపే. దండేసి పక్కన పెడదామన్న అల్లుణ్ని, కంపెనీ గీత ముఖ్యమన్న అల్లుణ్ని, ఇంకా అడుగుతున్నాడు. నాకు మామ మీద కోపం కూడా వచ్చింది.

“నాలుగు” అన్నాను. “రేపు.”

“పిలగాడు చెప్తే మేం ఆగాల్నా?” అందామె. అత్త తన విత్తనాల సంచి ఇసుక మీద పెట్టి దాని పక్కన కూర్చుంది. తర్వాత ఒకామె కూర్చుంది. మిగిలినవాళ్లు కాసేపు మమ్మల్నిద్దర్నీ తిట్టి, పైనున్న మబ్బును తిట్టి, ఆటోల కోసం పోయారు. అత్త మాత్రం మేం ఖాళీ పడవ తిప్పుతున్నంతసేపూ ఒడ్డునే కూర్చుని చూసింది.

ఐదోరోజు పొద్దున నది నిండుగా ఉంది. బండలు ఎక్కడున్నాయో నీళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. కొట్టుకొచ్చిన చెట్టుకొమ్మ ఒకటి, ఒక కాలి చెప్పు, తెల్లటి కొంగ ఈకలు రేవు మూలన గిరగిరా తిరుగుతున్నాయి. మామ పాత పుల్లను గుంజి, తుడిచి, ముంచి, తీశాడు. నాకు చూపించాడు. మూడో గీత మీద తడి మెరిసింది. మళ్లీ ముంచమన్నాను, ముంచాడు. అదే గీత. కొత్త పుల్ల నా జేబులో ఉంది. దుకాణంలో వాపసు తీసుకోరు.

ఆడవాళ్లు ఎక్కడం మొదలుపెట్టారు. విత్తనాల సంచి, సద్దిమూట, ఖాళీ క్యాను. ఒక్కరు కూడా మరిచిపోలేదు. ఇంజన్ బాగైందని మామ చెప్పాడు, అత్త చెప్పింది, నేనూ చెప్పాను. అందరూ మంచిగైందట అనుకుంటూ ఎక్కి, క్యాన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

నేను ముందుకు పోయి నిలబడ్డాను. అందరికంటే చివర అత్త ఎక్కింది. ఆమె చేతిలో రెండు క్యాన్లున్నాయి. ఒకటి తన ఒళ్లో పెట్టుకుంది. రెండోది నా చేతికిచ్చింది.

“పట్టు.”

“ఎందుకత్తా?”

“నీళ్లకు” అంది.

మామ హ్యాండిల్ తిప్పాడు. నల్లపొగ ఉమ్మి ఇంజన్ అందుకుంది. పడవ ఇసుక వదిలి సాపుగా కూర్చుంది. కర్ర ఒక కొస ఇంజన్‌కు ఆనించి ఇంకో కొస చెవికి పెట్టుకున్నాను. టకటకటకటక. నడుమకు వచ్చేసరికి ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. రెండో చేత్తో క్యాను మూత బిగించి ఉందో లేదో చూసుకున్నాను. ఇంకోసారి చూసుకున్నాను.